లఘువు, గురువు, లఘువు

గని కాలనీ, రెండో వరస
సోమవారం

అక్కా,

నువ్వక్కడ ఎలా ఉన్నావు, మేమిక్కడ ఇలా ఉన్నాం అంటూ సగం పేజీ నింపడం నాకు చేతకాదు. బతికే ఉన్నాం. నిన్న మావయ్య పెరట్లో గడ్డం గీసుకుంటూ, "అమ్మాయికి రాసేటప్పుడు ముందు నా దీవెనలు పడెయ్, నీ తిట్లు తర్వాత రాసుకో" అన్నాడు. దీవెనలు పడేశాను. ఇక తిట్లు.

ఫోనులో మనిద్దరం అరుచుకుంటుంటే వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయని ఉత్తరాలే రాసుకోమన్నాడు కదా. అమ్మ పోయాక మనల్ని పెంచిన పాపానికి మన తగువులు కూడా తీర్చాల్సి వస్తోంది ఆయనకి. నాకిదే బాగుంది. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

మీ పరిశోధనశాల వాళ్లు మాకందరికీ నడుముకి కట్టుకునే డబ్బీలు పంపారు. ఆపద వస్తే బొత్తాం నొక్కి పట్టుకోవాలట, పైన కంట్రోల్ రూంలో గంట మోగుతుందట. చాలా సంతోషం. నాలుగో సొరంగంలో కప్పు బీటలు వారింది, దాన్ని మోసే దుంగలు పుచ్చిపోయాయి, మార్చండి మహాప్రభో అని ఏడాదిగా అడుగుతున్నాం. ఆ దుంగలు నిలబెట్టేది మావయ్యే. అది వినడానికి మేనేజరుకి చెవులు లేవు. డబ్బీలు పంచడానికి మాత్రం చేతులున్నాయి.

మొన్న ఇంకో వింత. సూపర్వైజరు మా అందరినీ నిలబెట్టి చెప్పాడు: "రేపు ఒక గంట మౌనం. ఎవడూ బొత్తాం ముట్టుకోకూడదు. ఊరికే ఉన్న గనిని రికార్డు చేసుకుంటారు." ఆ సేపు కంట్రోల్ రూంలో గంట తీగ కూడా పీకేస్తారట. నాకు ఒళ్లు మండిపోయింది. మౌనం కావాలట! ఇన్నేళ్లుగా మేం వాళ్లకి ఊరికే ఇస్తున్నది అదే కదా. నేనీమధ్య చదివిన చిన్న పుస్తకంలో ఒక మాట ఉంది: పనివాడి మౌనం యజమాని రాసుకున్న ఒప్పందం, సంతకం మాత్రం పనివాడిది. చదివి ఆ రాత్రంతా దొర్లాను.

మా కుర్రాళ్లం ఇప్పుడు ఒకే మాట పట్టుకున్నాం: వినాలి. గేటు దగ్గర అరుస్తాం. లిఫ్టులో దిగేటప్పుడు టోపీల మీద తాళం వేస్తాం. వి-నా-లి, వి-నా-లి. మావయ్యకి కూడా పట్టుబడిపోయింది, అన్నం పెట్టేలోపు కంచం మీద వాయిస్తున్నాడు.

ఆ మౌనం గంటలో ఏం జరిగిందో మాత్రం నేను రాయను. నీ యంత్రమే నీకు చెప్తుంది, దానికి చెవులుంటే.

నీ తమ్ముడు
(మావయ్య పెట్టిన కొత్త పేరు: కరపత్రం)


పరిశోధనశాల హాస్టల్, పై అంతస్తు
ఆదివారం

ఒరేయ్ కరపత్రం,

పేరు అతికినట్టు సరిపోయింది. మావయ్య నోటికి దండం పెట్టాను.

ఇక విను. మౌనం అడిగింది మేనేజరు కాదు, నేను. ఆ కాగితం రాసింది నేనే. ఇది చదివి కుర్చీలోంచి లేచి ఉంటావు. కూర్చో.

మన పాత రేకుల ఇల్లు గుర్తుందా? వానలో మావయ్య షిఫ్టు దిగొచ్చి తలుపు తట్టేవాడు. రేకుల మీద వాన హోరులో మనకి వినపడేది కాదు, పాపం తడిసి ముద్దయ్యేవాడు. కొన్నిసార్లు తట్టాడనుకుని నేను లేచి తలుపు తీస్తే బయట ఎవరూ ఉండేవారు కాదు, చలిగాలి లోపలికొచ్చిందని నువ్వు నన్ను తిట్టేవాడివి. ఇప్పుడు నా ఉద్యోగం అదేరా. వానలో తట్టినది మనిషా, వానేనా అని తేల్చడం. రెండు రకాల తప్పులూ జరుగుతాయి. ఎవరూ లేకపోయినా తలుపు తీయడం ఒకటి, మనిషి నిలబడి ఉన్నా తీయకపోవడం ఇంకొకటి. ఒకదాన్ని మరీ తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. ఆ మధ్యలో ఎక్కడో ఒక హద్దు గీయాలి.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఆ తలుపు ఎంత మందమో మనకి తెలియదు, పైగా ఘడియకో మందం. గనిలో డబ్బీ పంపే తరంగం గోడలకి కొట్టుకుని, తన నీడలతో తనే గుద్దుకుని, ఒక అడుగు దగ్గర గట్టిగా వస్తుంది, పక్క అడుగు దగ్గర చచ్చిపోతుంది. అందుకే మీ డబ్బీ పేరూ ఊరూ ఏమీ చెప్పదు, ఒట్టిగా "ఊ" అంటుంది. అంతకంటే ఎక్కువ చెప్పబోతే బండలు మింగేస్తాయి. మేం చేసేదల్లా ఒకటే. వచ్చిన ఆ ముక్క ఒట్టి రొదే అయితే ఇలా ఉండే అవకాశం ఎంత, అందులో కేక ఉంటే ఇలా ఉండే అవకాశం ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి తూచుతాం. తలుపు సంగతి తెలియనప్పుడు వాన సంగతైనా బాగా తెలియాలి కదా? అందుకే ఆ గంటసేపు మౌనం. ఒట్టి వాన కావాలి నాకు.

వచ్చింది! ఇప్పుడు చెప్పేది విని నన్ను మెచ్చుకో. మీ గని రొద పుస్తకాల్లో రాసినట్టు ఒకే తీరు హోరు కాదు. దాని మధ్య గుంపులు గుంపులుగా ఒక చిన్న పోటు, ఒక పెద్ద పోటు, ఒక చిన్న పోటు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. బళ్లో మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పించిన గణాలు గుర్తొచ్చాయి. లఘువు, గురువు, లఘువు. జగణం! మోటార్లు కూడా ఇలా తరంగాలు చిమ్ముతాయి కదా, మీ నీళ్ల పంపు మోటారు ఛందస్సు నేర్చుకుందిరా.

ఆ తీరు యంత్రానికి నేర్పేశాను: ఇది వినపడితే పంపు, పట్టించుకోకు. దాంతో ఊరికే మోగే గంటలు దాదాపు ఆగిపోయాయి. పెద్దల సమావేశంలో మొదటిసారి నన్ను లేచి మాట్లాడనిచ్చారు. మా విభాగాధిపతి ఆ పోట్లు గీసి పెట్టుకున్న నా పలకని తన చేత్తో పట్టుకుని అందరికీ చూపించారు. అమ్మ ఉంటే బాగుండేదనిపించింది.

మీ పంపు అలాగే మోగుతుంది కదూ? చూసి, అవునని ఒక ముక్క రాయి. చాలు.

అక్క


గని కాలనీ, రెండో వరస
గురువారం

అక్కా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

పంపు పాతది. అవును, అలాగే మోగుతుంది. అవునని రాయమన్నావు, రాశాను.

నిన్ను సమావేశంలో మాట్లాడనిచ్చినందుకు సంతోషం. మావయ్యకి చదివి వినిపిస్తే వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. "మా అమ్మాయి లేచి నిలబడితే గది మొత్తం నోరు మూసుకుందంట" అని. గది సంగతి నువ్వు రాయలేదు, ఆయన కలిపాడు.

మొన్న డబ్బీలకి పరీక్ష పెట్టారు. ఒక్కొక్కళ్లం దిగి బొత్తాం నొక్కి పట్టుకున్నాం. ప్రతిసారీ గంట మోగింది. ఆపదలో ఎవడైనా నొక్కి పట్టుకునే ఉంటాడు కాబట్టి, పంపు సంగతికీ దీనికీ సంబంధం లేనట్టే. లేనట్టే కదా?

ఒకటి అడగనా? ఆ సమావేశంలో అంతమంది చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పోట్లు చూసి ఎవరికీ మనిషి గుర్తుకురాలేదా? ఊరికే అడిగాను.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. వెలుతురుకి పెట్టి చదవడానికి ప్రయత్నించకు, నీ అలవాట్లు నాకు తెలుసు.

తమ్ముడు


ఆసుపత్రి వరండా
ఏ వారమో తెలియదు

పరిశోధకురాలు గారికి,

మావయ్య కాలు సంగతి ఫోనులో చెప్పాను. ఎడమ కాలు, మోకాలి పైకి తీసేశారు. మిగతాది ఫోనులో చెప్పేది కాదు.

నాలుగో సొరంగంలో కప్పు కూలింది. మావయ్య ఒక్కడే ఉన్నాడు అక్కడ, పుచ్చిన దుంగ పక్కన ఇంకోటి నిలబెడుతూ. మేమంతా రెండో దాంట్లో, డ్రిల్లుల హోరులో ఉన్నాం. కాసేపు కరెంటు పోయింది, దీపాలు ఆరాయి, మళ్ళీ వచ్చాయి. "పైన ఏదో ఫ్యూజు కొట్టేసుంటుంది" అనుకుని పని చేసుకున్నాం. నేను జోకు కూడా వేశాను. పైన కంట్రోల్ రూంలో గంట మోగలేదు. ఒక్కసారి కూడా. షిఫ్టు దిగాక దీపాల గదిలో మావయ్య దీపం తిరిగి కొక్కేనికి చేరలేదు. అప్పుడు తెలిసింది మనిషి కిందనే ఉన్నాడని. పొద్దున జరిగితే సాయంత్రం.

చేతుల్తో తవ్వాను. గోళ్లు లేవు నాకిప్పుడు, ఈ అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి. బయటికి తీశాక నన్ను చూసి, "వచ్చావా, లేటయింది" అన్నాడు. అంతే అన్నాడు. మనిద్దర్నీ భుజాల మీద మోసిన మనిషి.

కొంచెం ముందు తీసి ఉంటే కాలు దక్కేదని డాక్టరు చెప్పాడు.

నీ హద్దులు, నీ తూకాలు, నీ రేకుల ఇంటి కథ! మనిషి తలుపు తట్టాడు, నువ్వు తీయలేదు. చలిగాలి వస్తే నీ పెద్దలు కసురుకుంటారని తీయలేదు. అసలు మీకు కావలసింది గంట మోగడం కాదు, మోగకపోవడం. గంట మోగితే పని ఆగుతుంది కదా.

దీనితో కరపత్రం జతపరిచాను. పేరు "చెవిటి యంత్రం". రాసింది నేనే. కాలనీ గోడలన్నిటి మీదా అంటించాం, గేటు మీద కూడా. మీ శాల పేరు రాశాను. నీ పేరు రాయలేదు. రాయాల్సింది.

కరపత్రం


పరిశోధనశాల హాస్టల్
మంగళవారం

తమ్ముడూ,

కరపత్రం చదివాను. నా బల్ల మీదే ఉంది. దాని మీద ఏమీ పెట్టకుండా చూసుకుంటున్నాను.

మావయ్యని చూడడానికి బయలుదేరి స్టేషన్ దాకా వెళ్లాను. రైలెక్కి కూర్చున్నాను కూడా. ఎదుటి సీటులో ఒకాయన కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. ఆ కాళ్లు చూసి దిగిపోయాను. ఏ మొహం పెట్టుకుని రాను? వీధంతా నా గురించి చెప్పుకున్న మనిషి దగ్గరికి?

ఆ రోజు రికార్డు అంతా తీసి కూర్చున్నాను. బొత్తాం నొక్కి పట్టుకున్న జాడ ఎక్కడా లేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పంపు తప్ప ఇంకేమీ లేదు. విచారణ సంఘం వాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "యంత్రం బాగానే ఉంది, కార్మికుడు భయంలో బొత్తాం నొక్కడం మరిచాడు" అని రాయబోతున్నారు. మావయ్య మరిచాడట! అది రాసేసి, ఇదే అమరికని వచ్చే నెల ఇంకో మూడు గనుల్లో పెడతారు. అక్కడి మనుషులు కూడా ఇవే డబ్బీలు నడుముకి కట్టుకుని దిగుతారు.

తప్పు నాదేనని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ ఏ తప్పో నాకు తెలియాలి కదా. తెలియని తప్పుని ఒప్పుకుంటే వాళ్లు నన్ను తీసేసి, తప్పుని మాత్రం అలాగే ఉంచుతారు.

ఒక్కటి నన్ను నిద్రపోనివ్వడం లేదు. గని నుంచి వచ్చిన కాగితంలో ఉంది: కప్పు కూలినప్పుడు పంపు తీగ తెగింది, మర్నాటిదాకా పంపు తిరగలేదు.

మరి ఆగిపోయిన పంపు రోజంతా ఎలా మోగిందిరా?

పంపు అలాగే మోగుతుందని నాకు రాసింది నువ్వు. నువ్వే చెప్పగలవు. తిట్టుకుంటూనే చెప్పు, ఫర్వాలేదు.

అక్క


ఆసుపత్రి వరండా
శనివారం

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెట్టడం. ముందు రాసినవాటిలో నా గురించి నేను మంచిగా రాసుకున్నాను, చించేశాను.

నీ ఉత్తరం పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్లాను. "మావయ్యా, ఆ రోజు బొత్తాం ఎలా నొక్కావు?" అని అడిగాను. మనసులో మొక్కుకున్నాను, నొక్కి పట్టుకున్నానని చెప్పాలని. నేను దేవుణ్ణి నమ్మనని నీకు తెలుసు.

ఆయన నవ్వాడు. "ఎలా ఏముందిరా, నువ్వు నేర్పిందే" అని మంచం ఇనప కమ్మీ మీద వేలితో కొట్టి చూపించాడు. పొట్టి, పొడుగు, పొట్టి. వి-నా-లి.

"నొక్కి పట్టుకోమన్నారు కదా మావయ్యా?"

"పట్టుకుంటే ఎవడిదో తెలియదు గదరా. ఆ డబ్బీ పేరు చెప్పదాయె. ఇదైతే మనదని తెలుస్తుంది. ఏ గుమాస్తాకి తెలియకపోయినా నీ చెవిన పడితే చాలు, మావయ్యే అని పోల్చుకుంటావు, గని తలకిందులు చేస్తావు అనుకున్నా. సాయంత్రం దాకా ఆపలేదు. వేలు వాచిపోయింది. అవునూ, మరి ఎందుకు మోగలేదంటావ్?"

నాకు దాహంగా ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

నీ మౌనం గంటలో మేం చేసింది అదే అక్కా. వందమందిమి, డబ్బీలు చేతిలో పట్టుకుని నడుస్తూ, ఆ తాళం నొక్కాం. నేను నేర్పాను, నేను ముందు నడిచాను. మావయ్య వద్దన్నాడు. "ముట్టుకోవద్దన్నారు గదరా, నీకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. నేను ఆయన్ని పిరికివాడన్నాను, అందరి ముందూ. అప్పుడు నొక్కాడు.

మౌనం అడిగినవాళ్లకి మా కేక వినిపిద్దామనుకున్నాను. రికార్డు వినేవాళ్లు ఉలిక్కిపడతారు, ఇది మనుషుల గొంతు అంటారు, ఏమిటి మీ బాధ అని కబురు పంపుతారు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఎదురుచూశాను కూడా. నీ ఉత్తరం వచ్చింది, అందులో పంపు అని ఉంది.

ఆ క్షణంలోనే తెలిసింది నాకు. జగణం అన్న మాట దగ్గరే. తెలిసీ అవునని రాశాను. నిన్ను లేచి మాట్లాడనిచ్చారు, ఆ సంతోషం చెడగొట్టకూడదు అని చెప్పుకున్నాను. అది కొంచెం నిజం. మిగతాది ఏమిటంటే, నన్ను పనిలోంచి తీసేసి గేటు బయట నిలబెడతారని భయం. ఆ భయాన్ని నీ సంతోషం వెనక దాచిపెట్టుకున్నాను. మావయ్యని పిరికివాడన్న నోరిది.

నీ యంత్రం చెవిటిది కాదు. నేను దాని చెవిలో కూర్చుని మా కేకకి రొద అని పేరు పెట్టించాను. దాని మీద కరపత్రం కూడా నేనే వేశాను. ఆసుపత్రికి వచ్చే దారిలో ప్రతి గోడ మీదా అది కనిపిస్తోంది. తల దించుకుని నడుస్తున్నాను, కింద కూడా ఒకటి పడి ఉంది.

నీకు రాసిన ఆఖరి ఉత్తరం చించెయ్యి. చించమని అడిగే హక్కు లేదు. ఉంచు.

మావయ్యకి ఇంకా చెప్పలేదు. రోజూ అడుగుతున్నాడు, ఎందుకు మోగలేదంటావ్ అని.

తమ్ముడు


పరిశోధనశాల హాస్టల్
సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక చాలాసేపు నిన్ను తిట్టాను, పైకే. పక్క గది అమ్మాయి తలుపు కొట్టి ఏమైందని అడిగింది. తర్వాత తిట్లు అయిపోయాయి. అప్పుడు నా సంగతి గుర్తొచ్చింది.

నీ మొదటి ఉత్తరంలో రాశావు, ఆ గంటలో ఏం జరిగిందో నీ యంత్రమే చెప్తుందని. చదివాను. వి-నా-లి అని విడదీసి మరీ రాశావు. ఆ వారమే రికార్డు చూసి జగణం అని నవ్వుకున్నాను. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టలేకపోయానా? ఒక ముక్కని ఇంకో ముక్కతో తూచడమే కదా నా పని?

ఇంకోటి. ఆ పోట్లు కాసేపు గట్టిగా, కాసేపు నీరసంగా వచ్చేవి. పంపు ఒక్కచోట నాటుకుని ఉండే వస్తువు. దాని రొద అలా ఎగుడుదిగుడుగా ఎందుకు వస్తుంది? నడిచేవాళ్లది అలా వస్తుంది. అది నాకు కనిపించింది. కనిపించిన రోజు సాయంత్రం పలక మీద ఒక ప్రశ్న గుర్తు వేసుకున్నాను, మర్నాడు సమావేశం ఉందని తుడిచేశాను.

నిన్ను "చూసి చెప్పు" అనలేదు నేను. "అవునని రాయి" అన్నాను. నాకు కావలసిన జవాబు నీ చేతిలో పెట్టి, దాన్నే మళ్ళీ నీ దగ్గర అడిగి తీసుకున్నాను. నువ్వు అబద్ధం రాశావు, నిజమే. ఆ అబద్ధానికి పీట వేసింది నేను.

ఇవాళ విచారణ సంఘం ముందు చెప్పాను. నేను పంపు అన్నది పంపు కాదు, మనుషులు, మావయ్య మరిచిపోలేదు, రోజంతా పిలిచాడు, ప్రతి పిలుపూ మన దగ్గరికి వచ్చింది, నేను నేర్పినట్టే యంత్రం దాన్ని తుడిచేసింది అని. ఇంతకుముందు నేను మాట్లాడితే తలలు ఊపినవాళ్లు బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. మేనేజరు మాత్రం హుషారుగా, "అయితే ఇది కార్మికులే తెచ్చుకున్నది" అన్నాడు. "దుంగలు పుచ్చింది బొత్తాలు నొక్కినందుకు కాదు" అన్నాను. నీ గొంతులా వచ్చింది నా గొంతు. భయం వేసింది.

మిగతా గనుల్లో పెట్టడం ఆపేశారు. నన్ను ఈ పని నుంచి తప్పించారు. తప్పించాలి కూడా. కొత్త మనిషి వస్తాడు, మళ్ళీ మౌనం గంట అడుగుతాడు. ఈసారి నిజంగా మౌనం కావాలి. అది మీవాళ్లు ఇవ్వాలంటే మొదటిసారి ఏం జరిగిందో, దానివల్ల ఏమైందో వాళ్లకి తెలియాలి. ఎవరు చేయించారని ఇక్కడ అడిగారు. నేను చెప్పలేదు. నిన్ను కాపాడడానికి కాదు. అది నా నోటి నుంచి రావలసిన మాట కాదు.

మావయ్యకి చెప్పు. నేను వచ్చేలోపు చెప్పు.

అక్క


గని కాలనీ, రెండో వరస
ఆదివారం

అక్కా,

చెప్పాను.

ముందు గేటు దగ్గర. రోజూ అరిచే చోటే నిలబడ్డాను. అక్కడ నిలబడి ఎప్పుడూ మైకు అక్కర్లేకపోయింది నాకు, ఆ రోజు ముందు వరసకే వినపడలేదు. "గట్టిగా చెప్పవయ్యా" అన్నారు. గట్టిగా చెప్పాను. ఎవరూ కొట్టలేదు. కొడతారనే వెళ్లాను. బండి లాగే అతను మాత్రం, "మాకు నోరిస్తానన్నావు, ఉన్న నోరు కూడా పీకేశావు కదరా" అని నా మొహం చూడకుండా షిఫ్టుకి వెళ్లిపోయాడు. మేనేజరు గదిలో కూడా చెప్పాను. నన్ను కిందికి దిగనివ్వడం లేదు, దీపాల గదిలో అద్దాలు తుడిచే పనిలో పెట్టారు. దుంగలు మాత్రం మారుస్తున్నారు. విచారణలో నువ్వన్న మాట కాగితం మీదకి ఎక్కినట్టుంది.

కరపత్రాలన్నీ నేనే ఊడదీశాను. ఇంకా సరిగ్గా పెరగని గోళ్లతో గీకుతుంటే గేటు మీదిది సగమే వచ్చింది. "యంత్రం" చేతిలోకి వచ్చింది. "చెవిటి" గోడకే ఉండిపోయింది. దాని కిందే నిలబడి ఉన్నాను, లిఫ్టుకి వెళ్లేవాళ్లందరూ ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసుకుంటూ పోయారు.

తర్వాత ఆసుపత్రికి, మావయ్య దగ్గరికి వెళ్లాను. అన్నీ చెప్పాను, పిరికివాడన్న మాటతో సహా. కిటికీ వైపు తిరిగాడు.

"అయితే పైకి వచ్చిందన్నమాట."

"వచ్చింది మావయ్యా. ఒక్కటి కూడా పోలేదు."

"బండ అడ్డమై రాలేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. వినపడింది గానీ వినలేదు. అంతేనా?"

"అంతే."

"సరే పో. నాతో మాట్లాడకు."

రోజూ వెళ్తున్నాను. మంచం పక్కన కూర్చుంటాను, దుప్పటి సర్దుతాను, వచ్చేస్తాను. మాట్లాడడు. నేనూ మాట్లాడించను.

మొన్న కొత్త మౌనం గంట జరిగింది. అందరూ డబ్బీలు విప్పి, దీపాల గది బల్ల మీద వరసగా పెట్టారు. వాటిని చూసుకోమని నన్నే కూర్చోబెట్టారు. నమ్మి కాదు, మిగతావాళ్లకి కింద పని ఉంది. ఆ గంటసేపూ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. పనివాడి మౌనం గురించి నేను చదివిన ఆ వాక్యం గుర్తొచ్చింది. అది తప్పని అనను. కానీ అది రాసినాయనకి కింద చీకట్లో వేలు వాచిన మనిషి ఎవరూ తెలిసి ఉండరు.

కొత్తాయన ఒక మార్పు చేశాడు. ఏ తాళంలో నొక్కినా, ఎలా నొక్కినా గంట మోగాలన్నాడు. ఊరికే మోగే గంటలు ఎక్కువవుతాయని మేనేజరు గొణిగితే, "మోగనివ్వండి, తలుపు తీసి చూడ్డానికి ఏం రోగం" అన్నాడట. ఈ తలుపు మాట నీ దగ్గర నేర్చుకున్నదే అయ్యుంటుంది.

నువ్వు వస్తానన్నావు. రా. నన్ను స్టేషన్‌కి రావద్దంటే రాను.

ఇవాళ మావయ్య సైగ చేసి ఈ కాగితం అడిగాడు. కింద నాలుగు ముక్కలు తను రాస్తాడట. చదవొద్దన్నట్టు నన్ను బయటికి పొమ్మన్నాడు. చదవకుండానే కవరు అంటిస్తాను. ఈ ఒక్క మాటా నమ్ము.

తమ్ముడు


అమ్మాయీ,

పడుకుని రాస్తున్నాను, వంకర్లు పోతే సర్దుకో. వీడు అంతా చెప్పాడు. నీ సంగతీ చెప్పాడు. ఎదుటి సీటాయన కాళ్లు చూసి రైలు దిగడమేమిటే పిచ్చిదానా, నాకింకా ఒకటి ఉంది, అది చూడ్డానికైనా రా.

కోపం పోయిందా అంటే పోలేదు. ఇద్దరి మీదా ఉంది. లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఉండనీ, ఎంతకాలం ఉంటుందో అంతకాలం ఉండనీ.

వీడు రోజూ వస్తాడు. నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటాడు. పోయేటప్పుడు అలవాటు కొద్దీ గుమ్మం చెక్క మీద వేలితో కొడతాడు. పొట్టి, పొడుగు కొట్టగానే గుర్తొస్తుంది కాబోలు, చెయ్యి తీసేసుకుని తల దించుకుని వెళ్లిపోతాడు. వాడటు తిరిగాక ఆ మిగిలిన పొట్టిది నేను మంచం కమ్మీ మీద కొడతాను. మెల్లిగానే. వాడికి వినపడదు.

వాడికి చెప్పకు. ఎప్పుడో వాడే వింటాడు.

ఇట్లు,
పంపు